వెంకటగిరియప్ప ఇంటి సముద్రం

మా ఇంటి ఓనరు వెంకటగిరియప్పకు ఒక సముద్రం కావాల్సి వచ్చింది. వెళ్ళి చూడడానికి కాదు. బస్సెక్కి మద్రాసు దాకా పోయి ఉప్పునీళ్ళు చూసి రావడం శుద్ధ దండగ అని ఆయన నమ్మకం. హాల్లో సోఫాకు ఎదురుగా, వచ్చినవాళ్ళందరికీ కనపడేలా, కరెంటు బిల్లు పెద్దగా రాకుండా ఉండే సముద్రం కావాలి. అందులో పగడాలుండాలి, రంగురంగుల చేపలుండాలి. చూసినవాడు కుళ్ళి చావాలి. ఆ చివరిదే అసలు సంగతి.

కుళ్ళి చావాల్సినవాడు నరసింహప్ప, ఈయన చిన్నాయన కొడుకు. మారతహళ్ళి చుట్టుపక్కల వీళ్ళకు తాతల నాటి టమాటా తోటలు, ద్రాక్ష తోటలు ఉండేవి. రింగు రోడ్డు పుణ్యమా అని ఆ నేలంతా ప్లాట్లయింది, అన్నదమ్ములిద్దరూ ఒకేసారి డబ్బున్నవాళ్ళయ్యారు. నరసింహప్ప హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మేడ కట్టి, హాల్లో గాజు తొట్టి పెట్టి, బంగారు చేపలు వదిలాడు. గృహప్రవేశానికి వెళ్ళిన వెంకటగిరియప్పతో అందరి ముందూ, "మీ ఇంట్లో గోడలు తప్ప ఏముండాదన్నా చూసేదానికి" అన్నాడట. ఆ మాట ఈయన గొంతులో ముల్లులా ఉండిపోయింది.

నేను ఆయన పై వాటాలో అద్దెకుండేవాణ్ణి. పేరు దామోదర్. రెండువేల ఒకటి చివర్లో ఎలక్ట్రానిక్ సిటీలో మా కంపెనీ ఒక శుక్రవారం నాడు నలభై మందిని బయటికి పంపింది, అందులో నేనొకణ్ణి. మార్తకూ నాకూ అప్పటికి పెళ్ళై ఏడాది. మాది గుడిలో కాదు, చర్చిలో కాదు, రిజిస్ట్రారు ఆఫీసులో జరిగిన పెళ్ళి. మా నాన్న నేను చచ్చానని ఊళ్ళో చెప్పుకున్నాడు. మార్త వాళ్ళమ్మ ఫోనెత్తి, గొంతు గుర్తుపట్టి పెట్టేసేది. ఆ పై వాటా పోతే మాకు వెళ్ళడానికి ఇంకో గుమ్మం లేదు.

ఉద్యోగం ఊడిందని తెలిసి ఖాళీ చేయమంటాడనుకున్నాను. ఆయన పైకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని, "మీది సముద్రం పక్క ఊరే గదప్పా?" అని అడిగాడు.

"అవునండీ అంకుల్, చీరాల దగ్గర."

"అట్లయితే సముద్రం సంగతి నీకు తెలిసుంటాది. నాకొకటి కట్టియ్యి. దాన్ని చూసుకుంటా ఉన్నన్నాళ్ళు నువ్వు బాడుగ ఇచ్చే పన్లేదు. చెడిపోయిందా, ఆ పొద్దే సామాన్లు దించాల. కడుపుతో ఉండాది, కన్నీళ్ళు పెట్టుకుంటాది అని నేను చూసేవాణ్ణి కాదు, ముందే చెప్తాండా."

మార్తకు అప్పుడు రెండో నెల. ఈయనకెవరు చెప్పారో! సముద్రంతో నాకున్న పరిచయమల్లా చిన్నప్పుడు ఓడరేవులో మోకాలి లోతు దిగి కేకలు పెట్టడం. మా ఇంట్లో చేపల్ని తిన్నవాళ్ళున్నారు గాని పెంచినవాళ్ళు లేరు. అయినా తలూపాను. ఆ రోజు ఆయన విమానం నడపమన్నా తలూపేవాణ్ణే.

బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని వందల పేజీలు చదివాను. ముఖ్యమైనవి ప్రింటు తీసుకుని గీతలు కొట్టుకున్నాను. అమెరికాలో వాళ్ళు ఒక్కో తొట్టికి పెట్టే ఖర్చుతో మా ఊళ్ళో పెళ్ళి చేయొచ్చు. వెంకటగిరియప్పేమో మేకు కొనమన్నా, పాత మేకు సాపు చేసుకోమనే మనిషి. అందుకని అన్నీ నేనే చేశాను. మూతబడిన బట్టల కొట్టు అద్దాలు తెచ్చి, సిలికాన్ పెట్టి అతికి, ఏడడుగుల తొట్టి కట్టాను. మేడ కట్టగా మిగిలిన ఇనుప యాంగిళ్ళతో స్టాండు. సిమెంటూ ఇసుకా ఆల్చిప్పల ముక్కలూ కలిపి రాళ్ళు పోసి, సున్నం వదిలేదాకా రెండు నెలలు నీళ్ళలో నానబెట్టాను. నీళ్ళలో మురికిని నురగగా పైకి తీసే యంత్రం కొంటే లక్షణంగా ఉంటుంది, నేను ప్లంబింగు పైపుతో చేశాను. అది రాత్రీ పగలూ గురక పెట్టేది. ఒక్క ఉప్పు మాత్రం కొనక తప్పలేదు. సముద్రపు నీటిలో ఉండేవన్నీ కలిపిన ఆ ఉప్పు బయటి దేశం నుంచి వచ్చేది. దాని ధర చెప్పినప్పుడు ఆయన నన్ను దొంగను చూసినట్టు చూశాడు.

నీళ్ళు పోసి ఉప్పు కలిపాక నెలన్నర ఆగాలి. కంటికి కనపడని సూక్ష్మజీవులు రాళ్ళలో స్థిరపడాలి, లేకపోతే వేసిన చేప వేసినట్టే చస్తుంది. ఆ మాటే చెప్పాను.

"నెలన్నరా? రెండు చేపలు వేసి చూడు. చస్తే నీళ్ళు ఇంకా కాలేదని తెలుస్తాది" అన్నాడు వెంకటగిరియప్ప.

వేశాను. నీలం రంగువి, బొటనవేలంతవి. మొప్పలు ఎర్రబడి, నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి, రెండ్రోజులకు ఒకటి, నాలుగోనాటికి ఇంకొకటి పోయాయి. ఆయన పొద్దున్నే లుంగీ కట్టుకుని వచ్చి కాఫీ తాగుతూ చూసేవాడు. "ఇంకో రెండు వెయ్యి" అన్నాడు. అవీ పోయాయి. మూడోసారి వేసినవి బతికాయి.

చచ్చిన వాటిని తీసి మల్లెచెట్టు కింద పాతిపెట్టింది ఆయన భార్య సొన్నమ్మ. అరవై దగ్గర పడ్డ మనిషి, సన్నగా ఉండేది. పిల్లల్లేరు. దానికి కారణం ఎవరో డాక్టర్లకు తెలిసే ఉంటుంది గాని, ఆ ఇంట్లో నేరం మాత్రం ఆమె మీదే ఉండేది. వెంకటగిరియప్ప ఆమెను పేరుపెట్టి పిలవగా నేను వినలేదు. "ఏయ్" అనేవాడు. ఆ 'ఏయ్'లో రకాలుండేవి. అన్నం పెట్టమనే ఏయ్ వేరు, లోపలికి పొమ్మనే ఏయ్ వేరు.

మే నెలలో మా అదృష్టం పండింది. కోరమంగళలో ఉన్న ఒక ఉత్తరాది ఆఫీసరుకు బదిలీ అయింది. ఆయన తన తొట్టిలోని పగడపు జీవాలను, చేపలను, నత్తలను, రొయ్యలను ఎంతకో అంతకు వదిలించుకున్నాడు. బకెట్లలో ఆటోలో తెచ్చాను. వారం తిరిగేసరికి నా సిమెంటు రాళ్ళ మీద ఆకుపచ్చవీ ఊదావీ విచ్చుకుని, నీటి వాలుకు ఊగడం మొదలుపెట్టాయి. నేను చేసిన పనుల్లో అంత అందమైంది అంతకు ముందు లేదు, ఆ తర్వాత కూడా లేదు. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడను.

సొన్నమ్మ దాని ముందు నుంచి లేచేది కాదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె చూసిన నీళ్ళంటే చెరువులూ బావులూ బోర్లూ. కొత్తిమీర వలుచుకుంటూ చాప మీద కూర్చుని, "సముద్రం అడుగున దినామూ ఇట్లే ఉంటాదా నాయనా? ఎవరూ చూడకపోయినా?" అని అడిగేది. మార్తను పక్కన కూర్చోబెట్టుకుని, "దీన్ని చూస్తా ఉండు తల్లీ, బిడ్డ అందంగా పుడ్తాది" అనేది. సొంత తల్లి ఫోను పెట్టేసిన మార్తకు, ఆ ఇంట్లో అమ్మ అనిపించేది ఆమె ఒక్కతే.

నాకు ఇంటర్వ్యూలు మొదలయ్యాక తొట్టి పని సగం సొన్నమ్మే అందుకుంది. వారానికోసారి పాత నీళ్ళు కొన్ని తీసేసి, కొత్త ఉప్పునీళ్ళు పోయాలి. ముందు రోజే నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి ఉంచాలి. ఎన్ని బకెట్లకు ఎన్ని గ్లాసుల ఉప్పో నేర్పాను. నాకంటే శ్రద్ధగా చేసేది. తలస్నానం చేసి, తడి ఆరని జుట్టు ముడేసుకుని మరీ కలిపేది.

జూన్‌లో వెంకటగిరియప్ప మూడో అంతస్తు మొదలుపెట్టి, సిమెంటు తడపడానికి నీళ్ళు పట్టుకోవాలని ఆ డ్రమ్మును మేడ మీదికి ఎక్కించాడు. ఇంకోటి కొనమంటే వినిపించుకోలేదు.

మరుసటి శనివారం నేను వరండా పిట్టగోడకు ఆనుకుని ఫోన్లో మాట్లాడుతున్నాను. సిగ్నల్ అక్కడే దొరికేది. కన్సల్టెన్సీ అమ్మాయి ఏదో కంపెనీ పేరు చెబుతోంది. కింద పెరట్లోంచి సొన్నమ్మ కేకేసింది.

"నాయనా దామోదరా! డ్రమ్ము లేదు గదా, నా రాగి హండాలో కలిపేదా? పాత కాలంది, పెద్దది. చింతపండేసి తళతళా తోమినా. ఈయప్పకు దినామూ రాగి చెంబులోనే గదా నీళ్ళిచ్చేది, రాగి మంచిదే గదా?"

నాకు వినిపించింది. వినపడలేదని ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకోబోయాను, కుదరలేదు. ప్రతి మాటా వినిపించింది. ఫోను చేత్తో మూసి, "ఊ, దాంట్లోనే కలపండి ఆంటీ" అన్నాను. అని, మళ్ళీ ఫోన్లోకి తిరిగి నా అనుభవం ఎన్నేళ్ళో చెప్పడం మొదలుపెట్టాను.

మొదట నత్తలు రాళ్ళ మీంచి రాలాయి. తర్వాత రొయ్యలు. కరెంటు పోయినప్పుడు పంపుకు పెట్టిన బ్యాటరీ సరిగా అందక గాలి ఆడలేదనుకున్నాను. ఎండ అన్నాను, ఉప్పు పాతదన్నాను. నీళ్ళు బాగా లేవేమోనని వారానికి రెండుసార్లు మార్చమన్నాను. సొన్నమ్మ రెండుసార్లు మార్చింది. పగడాలు ముడుచుకున్నాయి, మళ్ళీ విచ్చుకోలేదు. జూలై నాటికి కొన్ని కరిగి, జిగురులా రాళ్ళ మీంచి జారడం మొదలుపెట్టాయి. చేపలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

ఆ చేపలు తిరగడమే నాకు ఎక్కడో చదివినట్టనిపించింది. శుక్రవారం మధ్యాహ్నం ప్రింట్లు తీసి వెతికాను. నేనే గీసిన గీత, రెండు రంగుల్లో. రాగి తగలనివ్వకూడదు, చేపలు కొంత తట్టుకుంటాయి గాని పగడాలు, నత్తలు, రొయ్యలు తట్టుకోలేవు. పెరట్లోకి పరిగెత్తాను. హండాలో మరునాటికని కలిపిన నీళ్ళున్నాయి. అంచు చుట్టూ ఉప్పు పేరుకుని, దాని కింద పచ్చగా చిలుము పట్టి ఉంది. సొన్నమ్మ నా వెనకాలే వచ్చి, "ఎంత తోమినా ఇట్లే పచ్చగా అవుతాదప్పా, ఉప్పుకేమో" అంది.

"ఈ నీళ్ళు పారబోయండి ఆంటీ. ఇక మీరు కలపొద్దు" అన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే ఆ మాట నేనే అన్నానని ఆమెకు గుర్తొస్తుంది. గుర్తొస్తే మొగుడితో అంటుంది. మార్తకు తొమ్మిదో నెల దగ్గర పడుతోంది. నా లెక్క అంతవరకే నడిచింది.

ఆదివారం పదకొండు గంటలకు నరసింహప్ప రెండు కార్లలో కుటుంబాన్నంతా వేసుకుని వచ్చాడు. వెంకటగిరియప్ప పదిహేను రోజుల ముందే పిలిచాడు, నేను వాయిదా వేయమన్నా వినలేదు. ఆ ముందు రోజు కరిగిపోయినవి కరిగిపోగా, వాటి కుళ్ళుకు చేపలు కూడా పోవడం మొదలైంది. తెల్లవారుజామునే లేచి తేలినవాటిని తీశాను, సాంబ్రాణి వేశాను. అయినా హాల్లో కాలు పెట్టగానే ఆడవాళ్ళు కొంగులు ముక్కులకు పెట్టుకున్నారు. నీళ్ళు కుడితిలా ఉన్నాయి.

నరసింహప్ప తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "సముద్రం అంటే ఇదేనా అన్నా? మా ఇంటి పక్క మురికి మోరీ కూడా ఇట్లే ఉండాది, నేనే ఎప్పుడూ తొంగి చూడలేదు" అన్నాడు. పిల్లలతో సహా అందరూ నవ్వారు.

వెంకటగిరియప్ప మొహం నల్లబడింది. నా వైపు తిరిగాడు. "సామాన్లు దించు. ఈ పొద్దే, ఇప్పుడే. ఏయ్, ఆ మేస్త్రీ మనుషుల్ని పిలువు, పైన ఉండేదంతా రోడ్డు మీద పెట్టమను."

మార్త మెట్ల మీద, చివరి మెట్టు దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది. ఆ పొట్టతో ఆమెకు చెప్పుల్లో కాళ్ళు కూడా పట్టడం లేదు.

"నా తప్పు కాదంకుల్" అన్నాను. "రాగి వల్ల చచ్చాయి. ఉప్పునీళ్ళు రాగి హండాలో కలిపారు. ఆంటీ కలిపారు."

హాలంతా సొన్నమ్మ వైపు తిరిగింది. ఆమె చేతిలో మజ్జిగ గ్లాసుల పళ్ళెం ఉంది.

"రాగి హండాలో కలిపినావా?" అన్నాడు వెంకటగిరియప్ప.

"కలిపినా."

"ఎవురు చెప్పినారు నీకు కలపమని?"

ఆమె నన్ను చూసింది. ఒక్కసారే. తర్వాత మెట్ల దగ్గరున్న మార్తను చూసింది, అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, "ఎవురూ చెప్పలేదు. నాకే తోచినాది" అంది.

అప్పుడు నేను నోరు తెరవొచ్చు. ఆమె ఇచ్చిన సందు అది. నేను తొట్టి వైపు చూస్తూ నిలబడ్డాను.

"కడుపున కాయ కాయదు, చేత్తో పెట్టింది బతకదు" అన్నాడు వెంకటగిరియప్ప తాపీగా. ఆయనకు కోపం పోయినట్టుంది, ఏదో మంచి ఉపాయం తోచిన మనిషిలా ఉన్నాడు. "రాగి నీళ్ళు ఒంటికి మంచిదని దినామూ నాకు తాగిస్తావు గదా. ఈ పొద్దు నువ్వు తాగు. దామోదరా, నా రాగి చెంబుతో ఆ తొట్టి నీళ్ళు ముంచియ్యి."

ముంచాను. ఇది నేను చేశాను. ఎవరో నా చెయ్యి పట్టుకుని ముంచలేదు. నీళ్ళ మీది జిగురు తెట్టెను చేత్తో పక్కకు నెట్టి మరీ ముంచాను, అదేదో ఆమెకు చేసిన మేలైనట్టు. చెంబు అందించాను.

"పోనీలే అన్నా, ఆడమనిషి" అన్నాడు నరసింహప్ప. కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు.

సొన్నమ్మ తాగింది. ఆపకుండా, కళ్ళు మూసుకోకుండా తాగింది. చెంబు ఖాళీ అయ్యాక దాన్ని బోర్లించి చూపించింది. పెరటి గుమ్మం దాకా నడిచి వెళ్ళింది గాని గుమ్మం దాటలేకపోయింది, అక్కడే వాంతి చేసుకుంది. పిల్లలెవరో మళ్ళీ నవ్వారు. ఆమే నీళ్ళు తెచ్చి, ఆమే కడిగింది. తర్వాత వచ్చినవాళ్ళకు విస్తళ్ళు వేసింది.

"నీ తప్పేమీ లేదప్పా. ఉండు" అన్నాడు నాతో వెంకటగిరియప్ప, చెయ్యి కడుక్కుంటూ.

పైకి వెళ్ళాను. మార్త మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఏదో ఒకటి చెప్పాలని, "ఆవిడకు రాగి సంగతి తెలీదు పాపం" అన్నాను.

"నీకు తెలుసు" అంది.

నేను తలుపు దగ్గరికేశాను.

"ఆ శనివారం నేను వంటింట్లో ఉన్నాను. కిటికీ తెరిచే ఉంది. ఆంటీ అడగడం విన్నాను, నువ్వు కలపమనడం విన్నాను."

"మరి కింద చెప్పలేదేం?"

దుప్పటి పొట్ట మీదికి లాక్కుంది. తర్వాత, "ఎక్కడికి పోతాం?" అంది.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ప్రాణం కుదుటపడింది. ఈ పాపం ఒక్కణ్ణే మొయ్యక్కర్లేదు అనిపించింది. మార్త పక్కన పడుకుని నిద్రపోయాను.

సొన్నమ్మకు మూడు రోజులు జ్వరం వచ్చింది. నాలుగోనాడు వెంకటగిరియప్ప బయటికెళ్ళాక నేను తొట్టి ఖాళీ చేయడానికి దిగాను. ఆమె చాప మీద కూర్చుని గోడకు ఆనుకుని ఉంది. మొహం పీక్కుపోయింది. చెప్పాల్సిన మాటలు రాత్రంతా పేర్చుకున్నాను. దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, "ఆంటీ, ఆ రోజు నేను" అన్నాను.

"చెప్పొద్దు నాయనా" అంది.

"కాదాంటీ, ఒక్కసారి..."

"చెప్పొద్దంటాండా గదా. నువ్వు తప్పైందంటే నేను పోనీలే అనాల. అనకపోతే పెద్దదాన్నై ఉండి కూడా అనలేదే అని నాకే ఉంటాది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఆ బిడ్డ కోసం తాగినా. నీ కోసం కాదు. నిన్ను పోనీలే అనేదానికి నాకు ఇష్టం లేదు. ఆ ఒక్కటీ నాకు ఉండనీ."

నేను లేచి గొట్టం పెట్టి నీళ్ళు తోడడం మొదలుపెట్టాను. ఏడడుగుల తొట్టి ఖాళీ కావడానికి సాయంత్రమైంది. ఆమె అంతసేపూ అక్కడే కూర్చుంది, నా వైపు చూడలేదు.